గణిత విద్యార్థి తీర్థరాముడు

స్వామి రామతీర్థ పేరు వినగానే హిమాలయములు, గంగాతీరము, ఆయన నోట ఎల్లప్పుడును మ్రోగుచుండిన ఓంకారము మనకు జ్ఞప్తికి వచ్చును. కాషాయము ధరించుటకు పూర్వము ఆయన గణితశాస్త్ర విద్యార్థి, పిదప గణితోపాధ్యాయుడు. ఈ సంగతి అనేకులు ఎరిగినదే. కాని ఆ చదువే ఆయనకు మొదటి తపస్సయ్యెనని తలచువారు కొందరే.

1873వ సంవత్సరము అక్టోబరు 22వ తేదీన పంజాబులోని గుజ్రన్‌వాలా జిల్లా మురళీవాలా గ్రామమున, ఒక పేద గోస్వామి బ్రాహ్మణ కుటుంబములో తీర్థరాముడు జన్మించెను. కొలది దినములకే తల్లి గతించెను. గ్రామములోని చదువు ముగిసిన పిమ్మట తండ్రి అతనిని గుజ్రన్‌వాలాకు పంపి, భగత్ ధన్నారాముడను భక్తుని కనుసన్నలలో నుంచెను. బాలుడు ఆయననే గురువుగా భావించెను. తరువాతి కాలమున తన కష్టసుఖములన్నియు నివేదించుచు ఆయనకు వ్రాసిన ఉత్తరములు వేయికి మించినవి.

1888లో ప్రవేశపరీక్షయందు కృతార్థుడైన తోడనే, కుమారుడు ఏదైన నొక కొలువులో కుదురుకొనవలెనని తండ్రి కోరెను. తీర్థరాముడు ఆ మాట వినక లాహోరు చేరి మిషన్ కళాశాలలో చేరెను. తండ్రి ధనసహాయము మానివేసెను. అంతటితో నాగక, చిన్ననాడే పెండ్లియైన కోడలిని గూడ తెచ్చి ఆ విద్యార్థి కడ విడిచిపోయెను. చేతిలోనున్నది స్వల్పమైన విద్యార్థివేతనము మాత్రమే.

ఒక నెలలో లెక్క చూచుకొనగా దినమునకు మూడు పైసలే మిగిలెనట. ఉదయము రెండు పైసల రొట్టెయు, సాయంకాలము ఒక పైసా రొట్టెయు తిని కాలము గడపెను. రొట్టెతోపాటు పప్పు ఊరకే ఇచ్చుట ఆ అంగడివాని యాచారము. ఒక పైసా రొట్టెకు పప్పు ఇయ్యలేనని వాడొకనాడు త్రోసిపుచ్చగా, తీర్థరాముడు వానిపై కోపింపక, ఇకమీదట ఒక్కపూట భోజనమే చాలునని నిశ్చయించుకొనెను. ఆకలినైన ఓర్చుకొనెను గాని, రాత్రి చదువునకు వలయు దీపపు నూనెకు లోటు రానీయలేదు.

ఇంత శ్రమించియు 1892లో బి.ఏ. పరీక్షలో తప్పెను. గణితమున అతనికి సాటివారు లేరు. ఆంగ్లమున మార్కులు చాలలేదందురు. విద్యార్థివేతనము పోయెను. ఇంటికి మరలి పోవుటకు మొగము చెల్లదు, లాహోరులో నిలుచుటకు ఆధారము లేదు. ఆ దుర్దశలో అతడు ఎవరిని నిందింపలేదు. ఏకాంతమున భగవంతుని పాదములపై తన భారమునంతయు ఉంచి కన్నీరు కార్చెను. అనతికాలమునకే ఝండూమల్ అను మిఠాయి వర్తకుడొకడు తనంతట తాను వచ్చి, చదువు ముగియువరకు తన యింట భుజింపుమని కోరెను. వేయి గ్రంథములు చదివినను కలుగని శరణాగతి ఆ యొక్క యపజయమువలన అతనికి కలిగెను.

మరుసటి యేడు, 1893లో, అదే పరీక్షలో పంజాబు విశ్వవిద్యాలయమున ప్రథముడుగా నిలిచెను. ఒకమారు గణిత ప్రశ్నపత్రములో పదమూడు ప్రశ్నలిచ్చి తొమ్మిదింటికి మాత్రము సమాధానము వ్రాయుమనిరట. అతడు పదమూడింటిని సాధించి, వానిలో ఏ తొమ్మిదింటినైనను పరీక్షింపవచ్చునని వ్రాసెనని చెప్పుదురు. ఇది గర్వోక్తివలె తోచును. కాని కఠినమైన లెక్క చిక్కువిడునంతవరకు నిద్రాహారములు మరచి కూర్చుండిన సాధకుని ఆత్మవిశ్వాసమే అది.

1895లో లాహోరు గవర్నమెంటు కళాశాలనుండి గణితమున ఎం.ఏ. పట్టము పొందెను. ప్రభుత్వోద్యోగమునకు సిఫారసు చేయుదునని కళాశాలాధ్యక్షుడు చెప్పగా, తాను కష్టపడి పండించిన పంటను అమ్ముకొనుటకంటె పంచిపెట్టుటయే మేలని, ఉపాధ్యాయ వృత్తినే కోరుకొనెను. సియాల్‌కోటలో కొంతకాలము పనిచేసి, 1896లో తాను చదివిన మిషన్ కళాశాలలోనే గణితాచార్యుడయ్యెను. గణితమున నిపుణత పొందు విధమును గూర్చి విద్యార్థులకొక చిన్న పుస్తకము గూడ వ్రాసెను. మితాహారము, మనశ్శాంతి, పరుల సాయము కోరక తన బుద్ధినే నమ్ముకొనుట అను వానిని అతడు తన బ్రదుకున ఆచరించియే ఇతరులకు బోధించెను.

1897లో లాహోరునకు విచ్చేసిన వివేకానందస్వామి ఉపన్యాసములు అతని వైరాగ్యమునకు బలము చేకూర్చెను. 1900లో ఉద్యోగము విడిచి హిమాలయములకు పోయి, మరుసటి యేడు సన్న్యసించెను. 1902లో జపాను మీదుగా అమెరికాకు వెళ్ళి వేదాంతము బోధించెను. 1906 అక్టోబరు 17, దీపావళి నాడు, టెహ్రీ చెంత నదిలో స్నానము చేయుచు ప్రవాహమున కొట్టుకొనిపోయి దేహము చాలించెను. అప్పటికి 33 ఏండ్లు నిండుటకు ఇంకను ఐదు దినములుండెను.

గణితమును విడిచి ఆయన వేదాంతమును పట్టెనని చెప్పుట సరికాదు. ఒక్క లెక్కపై రాత్రియంతయు నిలుపగలిగిన మనస్సునే పిమ్మట ఆత్మవస్తువుపై నిలిపెను. పరీక్షలో తప్పి దిగులుపడు విద్యార్థులును, ధ్యానమున మనస్సు నిలువక చింతించు సాధకులును 1892 నాటి ఆ యువకుని ఒక్కమారు తలచుకొందురుగాక!