పర్వతాలపేట పంతులు గారి సవర బడులు

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారిని తలచుకుంటున్నాం. ఉపన్యాసకులంతా వ్యావహారిక భాషోద్యమం గురించే చెబుతారు. సవర పిల్లలకు ఆయన పెట్టిన బడుల సంగతి ఒక్క వాక్యంలో దాటిపోతుంది. ఒకటి, రెండు తరగతులకు పాఠాలు చెప్పిన మనబోటి వారికి అసలు కథ అక్కడే ఉన్నది.

రామమూర్తి గారు 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో జన్మించారు. చిన్ననాడే తండ్రి పోయారు. విజయనగరంలో మెట్రిక్యులేషన్ ముగించి, 1880లో పర్లాకిమిడి రాజా వారి బడిలో ఉపాధ్యాయులుగా చేరారు. జీతం నెలకు 30 రూపాయలు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి బి.ఎ. పూర్తిచేశారు. మనలో చాలామంది పట్టాల చరిత్ర కూడా ఇదే కదా!

పర్లాకిమిడి చుట్టూ సవరల కొండలు. వారి భాష ముండా కుటుంబానిది. తెలుగుకు గానీ, ఒరియాకు గానీ చుట్టం కాదు. వాచకం చేతికిచ్చి పిల్లవాణ్ణి కూర్చోబెడితే వాడికేం తెలుస్తుంది? పంతులు గారు ముందు తానే విద్యార్థి అయ్యారు. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకొని, ప్రతి వస్తువునూ మీరేమంటారని అడిగి రాసుకున్నారు. వారి పాటలు, కథలు సేకరించి, సవర భాషలోనే పుస్తకాలు తయారుచేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, ఆ భాషలోనే చదువు చెప్పించారు. ఇంట్లో విన్న కథ బడిలో కనబడితే పిల్లవాడు అక్షరానికి భయపడడు. సవరలు ఇంటి గోడల మీద మనుషులను, జంతువులను బొమ్మలుగా వేసుకుంటారు. అది కూడా బడికి పనికివచ్చే సరుకే.

ఈ పనికి ఆయన చెల్లించిన మూల్యం చిన్నది కాదు. మన్యపు మలేరియాకు వాడిన క్వినైన్ వల్ల చెముడు వచ్చి, జీవితాంతం ఉండిపోయింది. జనం నోటి మాటను చెవితో పట్టి బతికిన మనిషికి ఆ నష్టం! ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే వద్దని, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమన్నారు. 1913లో రావుబహదూర్ బిరుదు వచ్చింది.

తెలుగు పిల్లల వాచకం మీద పోరాటం ఆ తరువాతి మాట. పుస్తకాల తెలుగుకూ, జనం తెలుగుకూ ఇంత తేడా ఎందుకని పాఠశాలల ఇన్‌స్పెక్టర్ యేట్స్ దొర సందేహపడ్డారు. ఆ సందేహమే 1907 ప్రాంతంలో గిడుగు, గురజాడ, శ్రీనివాస అయ్యంగార్లను కలిపింది.

నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు అప్పటి వరంగల్ జిల్లాలో ఒక లంబాడీ తండాకు వేశారు. అమ్మ బొమ్మ చూపించి ఎవరని అడిగితే ఒక పాప యాడి అన్నది. తప్పని సరిదిద్దాను. ఆ పాప ఆ వారమంతా నోరు విప్పలేదు. వాళ్ల భాషలో యాడి అంటే అమ్మ అని నాకు ఆలస్యంగా తెలిసింది. ఉమ్మడి రాష్ట్రంలో సవర, కోయ, బంజారా వంటి భాషల్లో చిన్న తరగతుల పాఠాలు 2004 ప్రాంతంలో గానీ మొదలు కాలేదు.

పంతులు గారు 1911లోనే ఉద్యోగ విరమణ చేశారు. తెలుగు పత్రిక (1919), సవర వ్యాకరణం (1931), సవర నిఘంటువు (1938) అన్నీ పింఛను రోజుల పనులే. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపినందుకు నిరసనగా రాజమండ్రికి తరలివచ్చారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.