ఫ్రాన్సెస్ పెర్కిన్స్: ఉద్యోగాల లెక్క తప్పని అమెరికా అధ్యక్షుడికే ఎదురు చెప్పిన మహిళ

అమెరికా జాబ్స్ రిపోర్ట్ వస్తుందంటే చాలు.. అక్కడి మన టెకీల నుంచి ఇక్కడి స్టాక్ మార్కెట్ల దాకా అందరి చూపూ అటే. కానీ 1930లో నెలనెలా నిరుద్యోగ రేటు చెప్పే సర్వేనే అక్కడ లేదు. ఆ టైంలో అధ్యక్షుడు చెప్పిన లెక్క తప్పని బయటపెట్టారు ఓ మహిళా అధికారి. ఆమే ఫ్రాన్సెస్ పెర్కిన్స్.

ఎవరీమె?

1880లో బోస్టన్‌లో పుట్టారు. 1911లో న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీలో మంటలు చెలరేగి 146 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది యువతులే. బయటకు వెళ్లే తలుపుకు తాళం వేసి ఉంది. ఆ ఘోరాన్ని కళ్లారా చూసిన పెర్కిన్స్, అప్పట్నుంచి కార్మికుల భద్రత కోసమే పనిచేశారు. 1929లో న్యూయార్క్ గవర్నర్ రూజ్‌వెల్ట్ ఆమెను రాష్ట్ర కార్మిక శాఖ అధిపతిని చేశారు.

అసలేం జరిగిందంటే..

1929 అక్టోబర్‌లో వాల్‌స్ట్రీట్ కుప్పకూలింది. 1930 జనవరిలో ఉద్యోగాలు మళ్లీ పెరుగుతున్నాయని అధ్యక్షుడు హూవర్ ప్రకటించారు. పేపర్లో అది చూసిన పెర్కిన్స్‌కు నమ్మకం కుదరలేదు. ఫ్యాక్టరీల నుంచి తన శాఖకు నెలనెలా వచ్చే లెక్కలు తీయించారు. పనివాళ్ల సంఖ్య పెరగడం కాదు, తగ్గుతోంది! వెంటనే విలేకరులను పిలిచి ఆ విషయం చెప్పేశారు. గవర్నర్‌ను ముందు అడగనేలేదు. అయినా రూజ్‌వెల్ట్ ఆమెనే మెచ్చుకున్నారు.

తప్పు లెక్కతో నష్టమేంటి?

అంతా బాగుందంటే సాయం చేయాల్సిన అవసరం ప్రభుత్వానికి కనిపించదు. పని పోయినవాడు కూడా లోపం తనలోనే ఉందనుకుంటాడు. 1933 నాటికి అమెరికాలో నిరుద్యోగం సుమారు 25 శాతానికి చేరింది.

తొలి మహిళా మంత్రి

అదే ఏడాది రూజ్‌వెల్ట్ అధ్యక్షుడయ్యారు. పెర్కిన్స్‌ను కార్మిక మంత్రిగా తీసుకున్నారు. అమెరికా కేబినెట్‌లో తొలి మహిళ ఆమే. 12 ఏళ్లు ఆ పదవిలో ఉన్నారు. వృద్ధులకు పెన్షన్, ఉద్యోగం పోయినవాళ్లకు భృతి తెచ్చిన 1935 సోషల్ సెక్యూరిటీ చట్టం, గంటకు 25 సెంట్ల కనీస వేతనం పెట్టిన 1938 చట్టం వెనుక ఉన్నది ఆమె కృషే. నిరుద్యోగాన్ని లెక్కగట్టే నెలవారీ ఇంటింటి సర్వే 1940లో మొదలైంది.

1965లో పెర్కిన్స్ కన్నుమూశారు. వాషింగ్టన్‌లోని కార్మిక శాఖ ప్రధాన భవనానికి ఇప్పుడు ఆమె పేరే ఉంది.

ఇప్పటికీ ఆ నిరుద్యోగ రేటులోకి వచ్చేది ప్రధానంగా పని వెతుక్కునేవాళ్లే. విసిగిపోయి వెతకడం మానేసినవాళ్లు అందులో ఉండరు. అందుకే రేటు తగ్గిందనగానే సంబరపడకుండా, పనిలో ఉన్నవాళ్ల సంఖ్య పెరిగిందో లేదో కూడా చూడాలి. 1930లో పెర్కిన్స్ చూసింది అదే.