నీటికి సరిహద్దులు చూడని ఇంజనీరు – డా. కె.ఎల్. రావు

చెరువు నిండితేనే పంట అని ఎరిగిన వాల్మీకిపురం వాసిగా, ఈ ప్రత్యేక సంచికలో కీ.శే. డాక్టర్ కానూరి లక్ష్మణరావుగారిని తలచుకోవడం సముచితమని భావిస్తున్నాను.

ఆయన 1902లో కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించారు. బడిలో ఆడుకుంటుండగా జరిగిన ప్రమాదంలో ఒక కంటి చూపు పోయినా చదువు ఆపలేదు. 1939లో బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. నాగార్జునసాగర్ కోసం ఎంతో కృషి చేశారు. విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికై, 1963 నుండి 1973 వరకు కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖల మంత్రిగా పనిచేశారు.

గంగను కావేరితో కలుపుతూ 2,640 కి.మీ. కాలువను 1972లో ప్రతిపాదించారు. నీటిని ఎత్తి పోయడానికి కావలసిన కరెంటు, ఖర్చు భరించలేనివని అది ఆగిపోయింది. 1986లో కన్నుమూశారు. రెండు తెలుగు రాష్ట్రాల సరిహద్దున ఉన్న పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరే పెట్టారు.

హంద్రీ-నీవా ఆయన పథకం కాదు. అయినా నల్లమలలోని శ్రీశైలం నీరు ఎత్తిపోతల మీదుగా మన మదనపల్లె, పుంగనూరు ప్రాంతాలకు, 2025లో కుప్పం దాకా వచ్చినప్పుడు నాకు ఆయనే గుర్తుకు వచ్చారు. చిక్కులూ అవే: కరెంటు ఖర్చు, పొరుగు రాష్ట్రాలతో వాటాలు. పైగా 308 టి.ఎం.సి.ల శ్రీశైలం సామర్థ్యం పూడికతో సుమారు 216కు తగ్గింది. ఎగువ కొండల్లో చెట్టు నిలిస్తేనే మట్టి నిలుస్తుంది. పులుల అభయారణ్యమైన నల్లమలను కాపాడుకోకుండా, మన చెరువుల పూడిక తీయకుండా ఉంటే కాలువ వచ్చినా నీరు నిలవదు. ఈ మాట మన మనుమలకు చెప్పడమే ఆయనకు నిజమైన నివాళి.