సూది కంటే ముందు గడువు: లూయీ పాశ్చర్

జంషెడ్‌పూర్‌లో టాటానగర్ స్టేషన్‌ను ఆనుకుని ఉన్న జుగ్సలాయిలోనైనా, తెలుగునాట ఏ ఊళ్లోనైనా కుక్క కరిచిందంటే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది బొడ్డు చుట్టూ పొడిచే 14 ఇంజెక్షన్లే. ఆ రోజులు పోయాయి. వాటికి మూలమైన చికిత్స కనిపెట్టిన లూయీ పాశ్చర్ జీవితం చెప్పే పాఠం మాత్రం పాతబడలేదు.

1822 డిసెంబరు 27న ఫ్రాన్స్‌లోని డోల్‌లో, తోళ్లు పదునుచేసే ఇంట పాశ్చర్ పుట్టాడు. ఆయనకు ఎనిమిదేళ్లప్పుడు ఆర్బ్వా ప్రాంతంలో పిచ్చి తోడేలు జనాన్ని కరిచింది. బాధితుల గాయాలకు కమ్మరి కొలిమిలో కాల్చిన ఇనుముతో వాతలు పెట్టారు. అప్పటికి తెలిసిన వైద్యం అదే.

పాశ్చర్ డాక్టరు కాదు, రసాయన శాస్త్రవేత్త. 1868లో పక్షవాతంతో ఎడమవైపు చచ్చుబడినా పరిశోధన ఆపలేదు. రేబిస్ క్రిమి ఆనాటి మైక్రోస్కోపుకు కనబడదు. అయినా జబ్బుపడిన కుందేళ్ల వెన్నుపామును ఎండబెట్టి, దాని తీవ్రత తగ్గించాడు. కాటు తర్వాత జబ్బు బయటపడటానికి సాధారణంగా వారాలు పడుతుంది. ఆలోగా శరీరాన్ని సిద్ధం చేయవచ్చన్నదే ఆయన ఆలోచన.

1885 జూలై 6న అల్సాస్ నుంచి తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌ను తెచ్చారు. పాశ్చర్ పర్యవేక్షణలో డాక్టర్ గ్రాంషే ఇంజెక్షన్లు మొదలుపెట్టాడు. మొత్తం 13 వేశారు. పిల్లవాడు బతికాడు. అదే ఏడాది నవంబరులో పదేళ్ల లూయీజ్ పెల్లెటియేను తీసుకొచ్చారు. తలపై కాటు పడి అప్పటికే 37 రోజులైంది. ఆలస్యమైందని తెలిసినా పాశ్చర్ కాదనలేకపోయాడు. డిసెంబరు 3న ఆ పాప చనిపోయింది.

1888లో పారిస్‌లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభమైంది. మన దేశంలో 1900లో కసౌలీలో, 1907లో కూనూరులో అలాంటి సంస్థలు వెలిశాయి. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ రూపొందించిన టీకానే తర్వాత గొర్రె మెదడుతో తయారుచేసి పొట్టలో పొడిచేవారు. 2005 నాటికి అది మూలనపడింది.

ఇప్పుడు చేతికి నాలుగైదు విడతల టీకా చాలు. కరిచిన వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసర్లు పూయకూడదు. రక్తం వస్తే గాయంలోకి ఇమ్యూనోగ్లోబులిన్ కూడా వేయాలి. ధనుర్వాతం టీకా సంగతీ డాక్టరును అడగాలి. కుక్కపిల్ల గోరు గీరినా తేలిగ్గా తీసుకోకూడదు.

పాశ్చర్ 1895 సెప్టెంబరు 28న కన్నుమూశాడు. ఏటా ఆ రోజే ప్రపంచ రేబిస్ దినం. లక్షణాలు బయటపడ్డాక ఈ జబ్బుకు నేటికీ దాదాపుగా మందు లేదు. మైస్టర్‌ను కాపాడింది టీకాతోపాటు ఆ టీకా సకాలంలో అందడం. పెల్లెటియేకు అందనిది ఆ సమయమే.