భాషల తలుపు తెరచిన కాపరి

ధ్యానభాగము: ఆదికాండము 2:19, 20

దేవుడు జంతువులను పక్షులను ఆదామునొద్దకు తీసికొనిరాగా, అతడు వాటిని చూచి పేరులు పెట్టెను. మొదట కన్ను చూచెను, తరువాత నోరు పలికెను. ఈ క్రమమునే అనుసరించి పిల్లలకు లాటిను భాష నేర్పిన దైవసేవకుడు యాన్ ఆమోస్ కొమేనియస్.

ఆయన 1592 మార్చి 28న, నేటి చెక్ దేశములో చేరిన మొరేవియాలో జన్మించెను. బాల్యములోనే తలిదండ్రులను పోగొట్టుకొని, పదునారేండ్ల ప్రాయమునగాని లాటిను బడిలో చేరలేకపోయెను. ఆనాడు ఐరోపాలో వేర్వేరు దేశముల పండితులు ఒకరితోనొకరు మాటలాడుకొను భాష లాటినే. అయినను బడులలో అర్థము తెలియని వ్యాకరణసూత్రములను వల్లెవేయించి, తప్పినవారిని బెత్తముతో కొట్టుచుండిరి. ఏండ్ల తరబడి చదివియు నాలుగు మాటలు ధారాళముగా పలుకలేని పిల్లలెందరో! ఆ బాధను ఎదిగిన వయస్సులో అనుభవించినందున ఆయన దానిని మరువలేదు.

1616లో ఆయన, హతసాక్షియైన జాన్ హస్ బోధనుండి పుట్టిన సహోదర సంఘములో బోధకుడుగా అభిషేకము పొందెను. కొలది కాలమునకే ముప్పదేండ్ల యుద్ధము వచ్చెను. 1621లో ఆయన సేవచేయుచున్న ఫుల్నెక్ పట్టణమును సైనికులు దోచుకొనిరి. ఆయన దాగి తిరుగుచుండగా, 1622లో భార్యయు ఇద్దరు బిడ్డలును తెగులువలన చనిపోయిరి. విశ్వాసము నిమిత్తము 1628లో స్వదేశము విడిచి, పోలెండులోని లెష్నో చేరెను. మరల తన దేశములో నివసించుట ఆయనకు కలుగలేదు.

ఆ పరవాసములో బడిపిల్లలకు బోధించుచు, 1631లో భాషాద్వారము అను పుస్తకమును ప్రచురించెను. సుమారు 8,000 లాటిను మాటలను వేయి వాక్యములలో కూర్చి, లోకములోని వస్తువులను వరుసగా వివరించెను. 1650 మొదలు 1654 వరకు హంగేరీలోని షారోష్‌పటాక్‌లో పనిచేయుచు, పాఠములను నాటకములుగా మార్చి, పిల్లలచేత లాటినులో ఆడించెను. పుస్తకములో నున్న భాష పిల్లల నోట పలికెను.

1656లో యుద్ధాగ్ని లెష్నోను దహించెను. ఆయన నలువది ఏండ్లకు పైగా శ్రమించి కూర్చిన చెక్ భాషా నిఘంటువు బూడిదయ్యెను. అప్పటికాయన వయస్సు అరువది నాలుగు. చెదరిన తన సంఘమునకు బిషప్పుగా నున్న ఆ వృద్ధుడు, ఆమ్‌స్టర్‌డామ్ చేరి మరల కలము పట్టెను.

1658లో న్యూరెంబర్గులో ఆయన చిత్రలోకము వెలువడెను. మొదట కాకి బొమ్మ, దాని కూత. తరువాత గొఱ్ఱెపిల్ల, దాని అరపు. ఈలాగున అక్షరములు నేర్పి, పిమ్మట ప్రతి పాఠమునకు ఒక బొమ్మ నిచ్చెను. బొమ్మలోని వస్తువులకు అంకెలు వేసి, వాటి ప్రకారము లాటినును, పిల్లల మాతృభాషయైన జర్మనును ప్రక్కప్రక్కన ముద్రించిరి. పుస్తకము ముందట పైనున్న ఆదికాండ వచనములే యుంచబడెను.

1670 నవంబరు 15న ఆయన ప్రభువునందు నిద్రించెను. ఆయన సమాధి హాలెండులోని నార్డెన్‌లో నున్నది. ఆయన జన్మదినమునే నేడు చెక్ దేశములో ఉపాధ్యాయ దినముగా జరుపుకొనుచున్నారు.

ప్రియులారా, మన ఆదివారపు బడిలో పిల్లలు బంగారు వాక్యమును తప్పులేక అప్పగించిన చాలునని సంతోషించుచున్నామా? ప్రభువు ఆకాశపక్షులను, అడవిపువ్వులను చూపి బోధించెను. మనమును విత్తనమును చేతిలో పెట్టి విత్తువాని ఉపమానము చెప్పుదము. కాగితము కాలిపోవును గాని, ప్రేమతో బిడ్డ హృదయములో నాటినది నిలుచును.

ప్రార్థన: ప్రభువా, నీ చిన్నవారికి ఓర్పుతో బోధించు కృప మాకు దయచేయుము. ఆమెన్.