మెదడు పటం గీసిన వైద్యుడు: వైల్డర్ పెన్‌ఫీల్డ్

మూర్ఛ, ఫిట్స్, మిర్గీ - ఏ పేరుతో పిలిచినా ఈ వ్యాధి యెడల మన సమాజంలో భయమే అధికం, అవగాహన స్వల్పం. మన జఫర్‌గఢ్ పరిసర గ్రామాల్లో నేటికీ గాలి సోకిందనేవారు, పడిపోయినవాని చేతిలో తాళంచెవులు పెట్టేవారు లేకపోలేదు. ఈ వ్యాధికి మూలం మెదడులోనే ఉన్నదని గ్రహించి, మందులకు లొంగని మూర్ఛకు శస్త్రచికిత్సా మార్గాన్ని సుగమం చేసిన మహనీయుడు డాక్టర్ వైల్డర్ పెన్‌ఫీల్డ్.

ఆయన 1891 జనవరి 26న అమెరికాలోని స్పొకేన్ నగరంలో జన్మించారు. ఆక్స్‌ఫర్డ్‌లో షెరింగ్టన్ పండితుని వద్ద నాడీమండల శాస్త్రం అభ్యసించారు. 1916లో ఆయన ప్రయాణిస్తున్న ఓడ టార్పెడో దాడికి గురికాగా గాయపడి బతికి బయటపడ్డారు. 1918లో వైద్యపట్టం పొంది, 1928లో కెనడాలోని మాంట్రియల్ చేరారు.

ఆ సంవత్సరాంతముననే విధి ఆయనను కఠినంగా పరీక్షించింది. చిరకాలంగా ఫిట్స్‌తో బాధపడుతున్న సోదరి రూత్ మెదడులో పెద్ద కంతి ఉన్నట్లు తేలింది. ఆయనే స్వయంగా శస్త్రచికిత్స చేశారు గాని కంతిని సమూలంగా తొలగించలేకపోయారు. కొన్నేళ్లకే ఆమె కన్నుమూసింది. ఒక్కని నేర్పు చాలదు, వైద్యులు, శస్త్రవైద్యులు, శాస్త్రజ్ఞులు ఒకే కప్పు క్రింద కృషి చేయాలన్న ఆయన సంకల్పం ఆ దుఃఖంతో మరింత దృఢపడింది. రాక్‌ఫెల్లర్ సంస్థ విరాళంతో 1934లో మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్ వెలసింది.

మెదడుకు స్వయంగా నొప్పి తెలియదు. కనుక తలపై చర్మానికి మాత్రమే మత్తు ఇచ్చి, రోగి మెలకువగా ఉండగానే మెదడుపై ఒక్కొక్క చోట స్వల్ప విద్యుత్తును తాకించేవారు. ఒకచోట చేయి కదిలేది, మరొకచోట మాట ఆగిపోయేది. ఎక్కడ తాకితే ఫిట్స్‌కు ముందు కలిగే అనుభూతి పుట్టేదో ఆ స్థానాన్ని గుర్తించి, మాటకూ కదలికకూ హాని కలుగకుండా తొలగించేవారు. ఈ విధంగా మానవ మెదడు పటం రూపుదిద్దుకొన్నది.

ఆయన వద్ద శిక్షణ పొందిన డాక్టర్ జేకబ్ చాందీ 1949లో వేలూరులో భారతదేశపు తొలి న్యూరోసర్జరీ విభాగాన్ని నెలకొల్పి, 1952లో మూర్ఛకు శస్త్రచికిత్స చేశారు. నేడు ఆ వైద్యం హైదరాబాదు నిమ్స్‌లోనూ లభిస్తున్నది. పెన్‌ఫీల్డ్ 1976 ఏప్రిల్ 5న పరమపదించారు.

విద్యార్థులారా! మూర్ఛరోగుల్లో అధికులకు మాత్రలతోనే ఫిట్స్ అదుపులోకి వస్తాయి. సుమారు మూడోవంతు మందికి మాత్రం తగిన రెండు మందులను సక్రమంగా వాడినా ఆగవు. అట్టివారిని విధికి వదలక నిపుణుల వద్దకు పంపాలి. శస్త్రచికిత్స అందరికీ తగినది కాదు, కాని తగునో తగదో పరీక్షించి చూడవలసిన హక్కు ప్రతి రోగికీ ఉన్నది. ఎదుట ఎవరైనా ఫిట్స్‌తో పడిపోతే ఒక ప్రక్కకు ఒత్తిగిల్లజేయండి, నోట్లో ఏమీ పెట్టకండి, ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి చేర్చండి. తాళంచెవి స్థానంలో విజ్ఞానాన్ని నిలపడమే ఆ మహావైద్యునికి మనం అర్పించగల నివాళి.