కలకత్తాకు వచ్చిన ఇద్దరు బాటసారులు



పండిత రమాబాయిగారి పేరు మన సంఘములలో క్రొత్త కాదు. స్త్రీల సమాజములలోను, ఆదివారపు బడులలోను ఆమెను గూర్చి వినే ఉంటాము. కేడ్గాంలోని ముక్తి మిషను, కరవు పిల్లలు, మరాఠీ బైబిలు – ఈ మూడు మాటలతో ఆమె కథ సాధారణముగా ముగిసిపోతుంది. నేను మాత్రము ఆమెకు ఇరువది యేండ్ల వయస్సున ఒక మహానగరములో జరిగిన సంగతులను గూర్చియే ఎక్కువగా వ్రాయదలచాను. ఆ తరువాతి జీవితమంతటికి విత్తనములు అక్కడ పడినవని నా అభిప్రాయము.

రమాబాయిగారు 1858లో పడమటి కనుమల అడవులలో జన్మించారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రేగారు గొప్ప సంస్కృత పండితుడు. భార్యకు సంస్కృతము నేర్పినందుకు తోటి పండితుల ఆగ్రహమునకు గురియైనవాడు. ఆ తల్లి లక్ష్మీబాయిగారే కుమార్తెకు గురువు. బిడ్డకు ఆరు మాసములు నిండకముందో నిండిన వెంటనేనో కుటుంబమంతయు తీర్థయాత్రలకు బయలుదేరినది. పసిపాపను బెత్తపు పెట్టెలో పెట్టి ఒక మనిషి తలమీద మోసుకొని పోయినాడట. గుడి మండపములలోను, నదుల రేవులలోను పురాణము చెప్పుట వారి జీవనము. విన్నవారు ఇచ్చిన పండ్లు, వస్త్రములు, డబ్బులే వారి ఆదాయము.

1874 ప్రాంతమున మద్రాసు రాజధానిలో కరవు వచ్చినప్పుడు ఆ సంభావనలు ఆగిపోయినవి. నగలు, ఇత్తడి రాగి పాత్రలు అన్నియు అమ్ముకొని, చివరకు అడవి ఆకులు తిని కాలము గడిపిన దినములు వచ్చినవి. అప్పుడు వారు తిరుగుచున్నది మన తెలుగు నేలమీదనే, వేంకటగిరి పుణ్యక్షేత్ర ప్రాంతమున. తండ్రి మరణించినాడు. కొలది వారములకే రాయచూరులో తల్లియు పోయినది. పాడె మోయుటకు నలుగురు దొరకుట కష్టమైనది. ఇద్దరు బ్రాహ్మణులు జాలిపడి వచ్చినారు. మిగిలిన ఇద్దరు అన్నాచెల్లెళ్లే. రమాబాయి పొట్టిగా ఉండుటచేత భుజము అందక, పాడె కొమ్మును తలమీద పెట్టుకొని మూడు మైళ్లు నడిచినది. తరువాత అక్కగారు కూడ మరణించినది.

మిగిలిన అన్న శ్రీనివాసశాస్త్రి, చెల్లెలు రమ నాలుగు వేల మైళ్ల వరకు కాలినడకన తిరిగినారు. కాశ్మీరు దాక పోయినారు. జీలం నది ఒడ్డున చలికి తాళలేక ఇసుకలో గోతులు త్రవ్వుకొని, మెడవరకు ఇసుక కప్పుకొని రాత్రులు గడిపినారు. ఇన్ని గుళ్లు, ఇన్ని నదులు చూచి, నమ్మకము సన్నగిల్లిన మనస్సుతో 1878లో కలకత్తా చేరినారు.

ఆనాటి కలకత్తా అనగా బ్రిటిషు ఇండియాకు రాజధాని. అడవిదారులు తప్ప ఎరుగని ఈ ఇద్దరు ఆ పట్టణమును వింతగా చూచినారు. పట్టణమువారు వీరిని అంతకంటె వింతగా చూచినారు. భాగవతము కంఠస్థము చేసి, సంస్కృతమును ఇంటిభాషవలె మాటలాడు పెండ్లికాని యువతిని వంగదేశము అంతకుముందు చూచి యుండదు. పండితులు కూడి పరీక్షించినారు. ప్రశ్న అడుగువారు తడబడుటయే గాని ఆమె తడబడలేదు. అప్పుడే ఆమెకు పండిత, సరస్వతి అను బిరుదులు లభించినవి. అంతకు నాలుగేండ్లక్రితము తల్లి పాడెకు మనుష్యులు దొరకని పిల్ల ఈమెయే.

ఇక నాకు బహు ఇష్టమైన ఘట్టము. ఒకనాడు కొందరు క్రైస్తవులు అన్నాచెల్లెళ్లను ఒక కూటమునకు ఆహ్వానించినారు. క్రైస్తవులతో కలిసి కూర్చొనుట వీరికి అదే మొదలు. అక్కడ మన దేశస్థులు దొరల దుస్తులు ధరించి, దొరలతో దొరసానులతో చేతులు కలిపి, టీ త్రాగుచు బిస్కత్తులు తినుచు కనిపించినారు. వారిలో బ్రాహ్మణులుగా పుట్టినవారును ఉన్నారు. కలియుగము కలకత్తాలో పూర్తిగా కాపురము పెట్టినదని అన్నాచెల్లెళ్లు అనుకొన్నారు. తరువాత ఎవరో ఒక పుస్తకము తెరచి చదివినారు. చదువగానే అందరును లేచి, తాము కూర్చున్న కుర్చీల ఎదుటనే మోకాళ్లూని, కన్నులు మూసుకొని ఏమో పలికినారు. అది దేవుని ప్రార్థన అని వీరికి చెప్పినారు గాని, వీరికి ఎదుట ఏ విగ్రహమును కనబడలేదు. కనబడినవి కుర్చీలే. కాబట్టి ఈ క్రైస్తవులు కుర్చీలకు మ్రొక్కుచున్నారనియే తోచినది!

ఇది చదివి మొదట నవ్వు వస్తుంది. నాకును వచ్చినది. ఆ తరువాతి ఆదివారము గుడిలో ఆరాధన జరుగుచుండగా, వెనుక బల్లమీద క్రొత్తగా వచ్చి కూర్చున్న ఒక కుటుంబమును చూచినాను. ఎప్పుడు లేవవలెనో ఎప్పుడు కూర్చుండవలెనో తెలియక ప్రక్కవారి ముఖములు చూచుచున్నారు. వారికి మనము ఎట్లు కనబడుచున్నామో అను తలంపు అంతకుముందు నాకు కలుగలేదు.

ఆ కూటములో ఇద్దరు వృద్ధులు ఉండిరి. బైబిలును సంస్కృతములోనికి తర్జుమా చేసినవారట. వారి పేర్లు రమాబాయిగారికి తరువాత గుర్తులేవు. ఆ సంస్కృత బైబిలు ప్రతినొకదానిని ఆమెకు బహుమానముగా ఇచ్చినారు. దాని సంగతి మరల చెప్పెదను.

కలకత్తాలో ఆమె చూచిన మరియొక పెద్దమనిషి బ్రహ్మసమాజ నాయకుడైన కేశవచంద్రసేనుగారు. ఆయన వీరిని ఆదరముతో లోపలికి తీసికొనిపోయి భార్యను, కుమార్తెలను పరిచయము చేసినారు. ఆ పిల్లలలో ఒకతెకు ఆ యేడే కూచ్‌బిహారు మహారాజుతో పెండ్లి జరిగినది. ఈడు రాని పిల్లకు పెండ్లి చేయరాదని బోధించినవాడే తన ఇంట చేసినాడని ఊరంతా ఆయనను విమర్శించుచున్న సమయమది. ఆయన రమాబాయిని వేదము చదివితివా అని అడిగినారు. స్త్రీలు చదువరాదు గదా అని ఆమె సమాధానము. ఆయన చిరునవ్వు నవ్వి వేదములలో ఒకదాని ప్రతిని చేతికిచ్చి చదువుమన్నారు. తన ఇంటిలో తాను చెప్పినది నిలుపుకొనలేని మనిషియే ఎదుటివారి గుమ్మము తెరువగలిగినాడు. మనుష్యులు ఇట్లే ఉంటారు.

పండితులు ఆమెను అడిగిన కోరిక వేరు. ఘోషాలోనున్న స్త్రీలకు శాస్త్ర ప్రకారము వారి విధులను బోధింపుమన్నారు. అందుకై ఆమె ధర్మశాస్త్రములను క్రొత్తగా చదువ మొదలుపెట్టినది. గ్రంథమునకు గ్రంథమునకు అనేక విషయములలో పొందిక లేదు గాని, స్త్రీని హీనముగా ఎంచుటలో మాత్రము అన్నియు ఏకమైనట్లు ఆమెకు కనబడినది. బోధించుటకు చదువబోయి, తానే ప్రశ్నించుట నేర్చుకొన్నది.

1880లో అన్న మరణించినాడు. అదే సంవత్సరము ఆమె బిపిన్ బిహారీ మేధావి అను బెంగాలీ న్యాయవాదిని కులము విడిచి వివాహమాడినది. సిల్చరులో భర్త గ్రంథాలయములో బెంగాలీ లూకా సువార్త ఒకటి ఆమె కంటబడినది. వివాహమై రెండేండ్లు నిండకముందే, 1882లో, భర్త కలరాతో పోయినాడు. పసిబిడ్డ మనోరమతో ఆమె పూనా చేరి, ఆర్య మహిళా సమాజమును స్థాపించినది.

1883లో వైద్యము చదువదలచి ఇంగ్లాండు వెళ్లినది. చెవుడు వచ్చుటచేత ఆ చదువు సాగలేదు. వాంటేజ్ అను ఊరిలో సిస్టర్ల మఠములో ఉండగా, వారు ఆమెను లండనులోని ఫుల్‌హామ్‌కు పంపినారు. అక్కడ ఒకప్పుడు చెడు బ్రతుకు బ్రతికి, మారి, ఇప్పుడు రోగులకును తమవంటి ఇతర స్త్రీలకును సేవచేయుచున్న స్త్రీలను ఆమె చూచినది. అటువంటివారిని ఎవరైనను చేరదీయుట ఆమె అంతకుముందు చూచి యుండలేదు. దీనికి కారణమేమని అడిగినది. ఒక సిస్టరు యోహాను సువార్త నాలుగవ అధ్యాయములోని సమరయ స్త్రీ కథ చదివి వినిపించినది. ఆ సంవత్సరము సెప్టెంబరు 29వ తేదీన ఆమె బాప్తిస్మము పొందినది. అయినను ప్రశ్నించుట మానలేదు. మాంసము ముట్టలేదు, చీర విడువలేదు. సిలువమీద లాటిను అక్షరములెందుకు, మావారికి సంస్కృతము దగ్గర గదా అని వాదించినది. ఆ సిస్టర్లకు ఈమెతో తలనొప్పి తప్పలేదు.

1886లో, ఆనందీబాయి జోషి ఫిలడెల్ఫియాలో వైద్య పట్టము పొందు వేడుకకని అమెరికా వెళ్లి, రెండేండ్లకు పైగా అక్కడ ఊరూర తిరిగి ఉపన్యసించినది. వచ్చిన ధన సహాయముతో 1889లో బొంబాయిలో శారదా సదనము తెరచినది. 1896లో మధ్య పరగణాలలో కరవు వచ్చినప్పుడు తానే వెళ్లి అనాథ బాలికలను వందల కొలది కేడ్గాం తెచ్చుకొన్నది. ఆకులు తిన్న దినములు ఆమెకు జ్ఞాపకము ఉండక పోలేదు.

ఆ కలకత్తా పుస్తకము సంగతి. దాని అట్ట ఆమెకు నచ్చినది గాని, లోపలి భాష ఆమె ఎరిగిన సంస్కృతమువలె లేదు. బోధయు అర్థము కాలేదు. చదువుట కాలము వ్యర్థమనుకొని మూసివేసినది. హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చి, సామాన్య స్త్రీ చదివి గ్రహించునట్టి తేలిక మరాఠీలో బైబిలంతయు తర్జుమా చేయుటకు కడపటి సంవత్సరములు ధారపోసినది. ఆ పని ముగించి 1922 ఏప్రిల్ 5వ తేదీన కన్నుమూసినది. పేరు తెలియని ఆ ఇద్దరు వృద్ధులు ఇచ్చిన ప్రతిని మాత్రము, అర్థము కాని దినములలో కూడ, ఆమె తన దగ్గరనుండి పోనియ్యలేదు.